ఇంటిపనికి ఇంటిభాష

బడి అప్పగించిన పనికి ఇల్లు చేయూతనిస్తుందన్న నమ్మకంతోనే 'ఇంటిపని' అనే మాట పుట్టింది. లెక్కలైతే అన్న చూస్తాడు. తెలుగు పద్యమైతే బతుకమ్మ పాటలు పాడే నాయనమ్మ అయినా ఒక మాట అందిస్తుంది. ఇంగ్లీషు పుస్తకం తెరిచేసరికి మాత్రం తెలంగాణ పల్లెల్లో ఎన్నో ఇళ్లు మౌనం వహిస్తాయి. "మాకేమెరుక బిడ్డా, మేం సదువుకున్నమా?" అన్న ఒక్క మాటతో తల్లిదండ్రులు పక్కకు తప్పుకుంటారు. ఆ మాటలో వినయం ఉన్నది, వినయాన్ని మించిన బాధ కూడా ఉన్నది. అయితే ఆ మాట నిజమేనా అన్నది విచారించవలసిన విషయం.

తొగుట సిద్దిపేట జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు అది మెదక్ జిల్లాలో భాగంగా ఉండేది. కూడవెల్లి వాగు పారే ఆ ప్రాంతంలో వ్యవసాయంతోపాటు బీడీల పని ఎన్నో ఇళ్లకు ఆధారం. అటువంటి ఒక ఇంటి నుంచి ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిని ఊహించుకోవచ్చు. తెలంగాణలోని ప్రభుత్వ పాఠశాలలు 2022-23 విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. మాధ్యమం మారిన ఆ ఏడు ఆమె చదువు నడిమధ్యలో ఉన్నది. ఒక పుటలో ఇంగ్లీషు, దాని ఎదుటి పుటలో తెలుగు అచ్చువేసిన ద్విభాషా పుస్తకాలు అప్పుడు పిల్లల చేతికి వచ్చాయి. అది మంచి ఆలోచన. కాని రెండు పుటలనూ పక్కపక్కన పెట్టుకొని ఏ మాట ఎక్కడికి జరిగిందో పోల్చి చూడడం నేర్పినచోటనే అది ఫలిస్తుంది. నేర్పనిచోట ఎదుటి పుట కేవలం ఒక ఊరట.

రాత్రి భోజనాలైన తరువాత ఆ అమ్మాయి నోటుపుస్తకం ముందు కూర్చుంటుంది. పది వాక్యాలను యాక్టివ్ వాయిస్ నుంచి పాసివ్ వాయిస్‌లోకి మార్చాలి. ఒకరి మాటలను మరొకరు చెప్పినట్టుగా తిప్పి రాయాలి. ఒక పద్యానికి సారాంశం రాయాలి. సాయానికి ఆమెకు మూడు దారులున్నాయి. ఒకటి అంగట్లో కొన్న గైడు. రెండవది స్నేహితురాలి నోటుపుస్తకం. మూడవది ఇంట్లో ఉన్న ఒక్క ఫోను. అడగడమే ఆలస్యం, ఈనాటి ఫోను వ్యాసాన్ని సైతం నిమిషంలో రాసి ఇస్తుంది. మూడూ సిద్ధాన్నాన్నే వడ్డిస్తాయి. పడుకునే వేళకు పుస్తకం నిండుతుంది. వాక్యం ఎందుకు అట్లా మారిందో మాత్రం ఆమెకు తెలియదు.

ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు పత్రంలో 35 మార్కులు రాకపోతే మిగతా పత్రాలన్నింటిలో ఎన్ని వచ్చినా ఇంటర్మీడియెట్ తప్పినట్టే. 2023-24 నుంచి ఆ పత్రంలో ఇరవై మార్కులకు ప్రయోగ పరీక్ష కూడా చేరింది. అక్కడ నోరు విప్పి మాట్లాడాలి. గైడు అక్కడికి వెంట రాదు. మార్కులకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. తన పుస్తకంలో తన చేతిరాతతో ఉన్న వాక్యం తనది కాదని తెలిసిన పిల్ల తరగతిలో చేయి ఎత్తదు. క్రమంగా ప్రశ్న అడగడం మానుకుంటుంది. ఇంటికి వచ్చి తల్లిదండ్రులకు ఏమీ చెప్పదు, వారికేమీ తెలియదని వారే ఆమెకు నమ్మకం కలిగించారు కనుక.

ఇంగ్లీషు కోసం సాయం వెతుక్కోవడం తెలుగువారికి కొత్త కాదు. 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు ఇంగ్లీషు నేర్చి మద్రాసులోని సదరు న్యాయస్థానంలో అనువాదకుడి స్థాయికి ఎదిగాడు. తన జీవితకథను ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. ఆయన 1839లో మరణించగా ఆ పుస్తకం 1873లో అచ్చయింది. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా 1820లో ఆయన పాఠశాలల స్థితిపై నివేదిక సమర్పించాడు. పిల్లలు అర్థం తెలియకుండానే పాఠాలు వల్లెవేస్తున్నారన్నది ఆయన ఆవేదన. రెండువందల ఏళ్లు గడిచాయి. ఆ ఆవేదనను ఇవాళ రాసినా ఒక్క అక్షరం మార్చవలసిన పని ఉండదు.

అదే కాలంలో ఎదురు దిశలో సాయం అర్థించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1817లో మద్రాసుకు వచ్చిన బ్రౌన్‌కు తెలుగు రాదు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో ఆయన తెలుగు నేర్చుకున్నాడు. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు గురువు. ఆయన చేతిలో నిఘంటువు లేదు. తరువాతి కాలంలో ఆ కొరతను ఆయనే తీర్చాడు. 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాశాడు. ఆ తరువాత నిఘంటువులను కూర్చాడు. ప్రబంధాలు కొరుకుడుపడనప్పుడు వాటి సారాంశం చెప్పి పంపేయమని ఆయన పండితులను కోరలేదు. జీతాలిచ్చి దగ్గర కూర్చోబెట్టుకొని మూలంలోని ప్రతి పదానికీ లెక్క చెప్పే వ్యాఖ్యలు రాయించుకున్నాడు. అర్థం కాని భాషను తనకు అర్థమయ్యే భాషలో అడిగి తెలుసుకోవడానికి ఆ దొర సిగ్గుపడలేదు. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో అడగడానికి ఈనాటి కళాశాల విద్యార్థి సిగ్గుపడుతున్నాడు. ఇది విచిత్రమే.

తెలంగాణ కథ మరికొంత వేరు. నిజాం రాజ్యంలో పై చదువులకు ఉర్దూ మాధ్యమం. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలను సైతం ఉర్దూలో బోధించింది. అందుకు కావలసిన పుస్తకాలను ఇంగ్లీషు నుంచి తెచ్చుకోవడానికి ఒక అనువాద శాఖనే నడిపింది. ఇంగ్లీషు అక్కడ తప్పనిసరిగా చదవవలసిన ఒక భాష. అందువల్ల ఆ తరంలో బడి ముఖం చూసిన తొగుట తాత ఎవరైనా ఉంటే ఆయన అలీఫ్ బేలు దిద్దినవాడే. కర్తను ఫాయిల్ అని, క్రియను ఫేల్ అని, కర్మను మఫూల్ అని చెప్పుకున్నవాడే. 1931లో హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు ఆచార్యులయ్యారు, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని అందుకున్నారు. ఒక భాష తలుపు దగ్గర నిలబడి మరొక భాషలోకి నడవడం ఈ నేల మీది మనుషులకు తరాలుగా అలవాటైన విద్య. ఈనాటి పిల్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆమెకు ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉన్నది. ఇంటిపనిగా ఇచ్చిన ఆ వ్యాకరణాంశాలను ఆమె పదవ తరగతి తెలుగులోనే నేర్చింది. కర్తరి వాక్యం, కర్మణి వాక్యం అంటే ఆమెకు తెలుసు. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చి మార్కులు తెచ్చుకున్నది. సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యాల భేదం కూడా ఆమెకు తెలుసు. తెలుగు గంటలో నేర్చినది ఇంగ్లీషు గంటలో పనికిరాదన్న అపోహ వల్ల తెలిసిన విద్యే తెలియని విద్యగా కనిపిస్తున్నది.

రెండు భాషల వాక్యాలు ఎక్కడ విడిపోతాయో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. 'రాముడు రావణుని చంపెను' అన్న వాక్యంలో మాటలను తారుమారు చేసి 'రావణుని రాముడు చంపెను' అన్నా చచ్చినవాడు రావణుడే. 'ని' అన్న విభక్తి ప్రత్యయం అతనిని వదిలిపెట్టదు. ఇంగ్లీషులో ఆ రెండు పేర్ల స్థానాలు మారిస్తే రాముడే హతుడవుతాడు. ఆ భాషలో నామవాచకానికి ద్వితీయా విభక్తి ప్రత్యయం లేదు, స్థానమే దానికి విభక్తి. క్రియకు ముందున్నది కర్త, క్రియకు వెనుకనున్నది కర్మ. ఈ ఒక్క మాట తెలిసిన విద్యార్థికి ఇంగ్లీషు వాక్యంలో పదాల వరుస అంత కఠినంగా ఎందుకుంటుందో బోధపడుతుంది. ఆ వరుస పెత్తనం కాదు, అవసరం.

'ఆమె డాక్టరు' అన్నది తెలుగులో క్రియలేని సంపూర్ణ వాక్యం. ఇంగ్లీషు వాక్యానికి క్రియ లేకుండా కుదరదు కనుక 'ఈజ్' వచ్చి చేరుతుంది. తెలుగు పిల్లలు దానిని మరిచిపోవడం అజ్ఞానం కాదు, సొంత భాష అలవాటు. 'నాకు ఆకలవుతున్నది' అన్నప్పుడు తెలుగులో ఆకలి కర్త, మనిషి చతుర్థీ విభక్తిలో నిలబడి దానిని అనుభవిస్తాడు. ఇంగ్లీషులో మనిషే కర్త స్థానంలో కూర్చుంటాడు. ప్రశ్న వేయాలంటే తెలుగువాడు చివర ఒక దీర్ఘం తీస్తాడు: 'వచ్చిండు' కాస్తా 'వచ్చిండా' అవుతుంది. ఇంగ్లీషువాడు సహాయక క్రియను తెచ్చి వాక్యం ముందు నిలుపుతాడు. తప్పు ఎక్కడ పుడుతున్నదో తెలిస్తే దిద్దుకోవడం సులువు. తెలియనప్పుడు ప్రతి తప్పూ తెలివితక్కువతనంగా కనిపించి పిల్లల మనసును నొప్పిస్తుంది.

'ఎ', 'యాన్' అనే చిన్న మాటల దగ్గర కొంచెం ఆగడం సరదాగా ఉంటుంది. తెలుగు వ్యాకరణంలో ద్రుతమనే నకారం ఉన్నది. అచ్చు పరమైతే అది నిలుస్తుంది, హల్లు పరమైతే తరచుగా లోపిస్తుంది. 1858లో బాలవ్యాకరణాన్ని ప్రకటించిన చిన్నయసూరికి 'యాన్' అన్న మాటను చూపించి ఉంటే చిరునవ్వు నవ్వేవాడేమో. 'ఒకటి' అనే అర్థంగల పాత మాటలోని నకారం అచ్చు ముందు నిలిచి 'యాన్' అయింది, హల్లు ముందు లోపించి 'ఎ' అయింది. 'హెచ్'తో మొదలయ్యే 'అవర్' ముందు 'యాన్' ఎందుకు, 'యు'తో మొదలయ్యే 'యూనివర్సిటీ' ముందు 'ఎ' ఎందుకు అని పిల్లలు తికమకపడతారు. ఆ మాటలను తెలుగు లిపిలో రాసుకుంటే తికమక తీరిపోతుంది. 'అవర్' అకారంతో మొదలవుతున్నది, 'యూనివర్సిటీ' యకారంతో మొదలవుతున్నది. చెవికి వినిపించేది ఏదో అదే రాసే లిపి తెలుగు పిల్లల చేతిలో ఉన్నది. ఇంగ్లీషు పిల్లలకు ఆ భాగ్యం లేదు.

ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు తెలుగుకు 'అని' చాలు. 'రేపు వస్తా' అన్నవాడి మాటను నెల తరువాత చెప్పినా 'వస్తానన్నాడు' అనే అంటారు, లోపలి క్రియ కదలదు. ఇంగ్లీషులో పై క్రియ భూతకాలమైతే లోపలి క్రియ కూడా ఒక అడుగు వెనక్కి జరుగుతుంది, 'విల్' కాస్తా 'వుడ్' అవుతుంది. నేర్చుకోవలసిన కొత్త సంగతి ఆ ఒక్క అడుగే. మిగిలినదంతా ఆమె నోట్లో చిన్ననాటి నుంచి ఉన్నదే.

కర్మణి ప్రయోగం మాత్రం ఇంతటితో వదిలిపెట్టదగినది కాదు. తెలుగులో 'బడు' చేర్చి చెప్పే వాక్యం పుస్తకాల్లోనే తప్ప నోట పలకదు. 'అన్నం అమ్మచేత వండబడింది' అని ఏ ఇంట్లోనూ అనరు. అందుకే పాసివ్ వాయిస్ తెలుగు విద్యార్థికి ఒక యంత్రంలా తోస్తుంది. కర్మను ముందుకు తేవడం, క్రియ రూపం మార్చడం, కర్త ముందు 'బై' చేర్చడం అనే మూడు పనులతో వాక్యం ముగుస్తుంది. ఆ వాక్యం లోకంలో ఎందుకున్నదో గైడు చెప్పదు. చేసినవాడు ఎవరో తెలియనప్పుడు, చెప్పే అవసరం లేనప్పుడు, చెప్పడం ఇష్టంలేనప్పుడు ఇంగ్లీషు కర్మణి ప్రయోగాన్ని ఆశ్రయిస్తుంది. 'బై' అన్న భాగాన్ని తీసివేసినా వాక్యానికి లోటు రాదు.

తొగుట పిల్లలకు దీనికి దూరపు ఉదాహరణలు అక్కరలేదు. యాభై టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. బీడు భూములకు నీరందించే ఆ నిర్మాణం కోసం తొగుట మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి గ్రామాలు నీటికింద చేరాయి. అక్కడి కుటుంబాలు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి తరలిపోయాయి. ఇప్పుడు మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 'ఊరు మునిగింది.' 'ఊరు ముంచబడింది.' 'ఊరిని ముంచారు.' నీరు ఒక్కటే, ఊరు ఒక్కటే. మొదటి వాక్యంలో అసలు చేసినవారు లేరు, వాన వచ్చి వాగు పొంగినట్టుగా ఉన్నది. రెండవ దానిలో ఎవరో ఉన్నారు కాని తెర వెనుక ఉన్నారు. మూడవది వేలెత్తి చూపుతున్నది. కార్యాలయం కాగితంలో ఏ వాక్యం ఉంటుందో, పత్రికలో ఏ వాక్యం ఉంటుందో, ఆ ఊళ్లో పుట్టి కాలనీలో ఉంటున్న అమ్మమ్మ ఏ వాక్యం పలుకుతుందో ఆ పిల్లకు ఎవరూ నేర్పనవసరం లేదు. వాయిస్ అన్న పాఠం ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. పది వాక్యాలను యంత్రంలా మార్చడంకన్న ఈ మూడు వాక్యాలను ఇంగ్లీషులో రాయడానికి ప్రయత్నించడం మేలైన ఇంటిపని.

ఇక సాహిత్యం. ఇంగ్లీషు పద్యానికి సారాంశం రాయమంటే చాలామంది మూలాన్ని చదవనే చదవరు. సారాంశాన్నే కంఠస్థం చేస్తారు. పద్యాన్ని చదివే పద్ధతి తెలియక ఇట్లా చేస్తున్నారంటే నమ్మడం కష్టం. పాత మెదక్ జిల్లాకు ఆ పద్ధతిని నేర్పిన పెద్ద గురువు ఉన్నాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి వంశం కొల్చారం గ్రామానికి చెందినది. ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని, అంతా అన్వయ మార్గంలోనే వివరిస్తానని ఆయన తన వ్యాఖ్యలకు ముందే హద్దులు గీసుకున్నాడు. ఏ పదం ఏ పదంతో కలుస్తుందో మొదట తేల్చడం, ఆ తరువాత ఒక్కొక్క పదానికి అర్థం, చివరకు తాత్పర్యం. తెలుగు తరగతిలో ప్రతిపదార్థ తాత్పర్యాలు రాసిన ప్రతి విద్యార్థీ తెలిసో తెలియకో ఆ సంప్రదాయంలోనివాడే. గైడు తాత్పర్యంతో మొదలవుతుంది, అక్కడే ముగుస్తుంది. అదే చిక్కు.

వర్డ్స్‌వర్త్ 1807లో ప్రకటించిన డాఫడిల్ పూల పద్యం తరతరాల భారతీయ విద్యార్థులు చదివినది. అందులో కర్మను వాక్యం ముందుకు తెచ్చి, కర్తను క్రియకు వెనుక నిలిపిన పాదం ఒకటి ఉన్నది. స్థానమే విభక్తి అన్న సూత్రం అక్కడ తలకిందులయింది. అన్వయం అలవాటున్న తెలుగు విద్యార్థి అక్కడ తడబడకూడదు. నన్నయ పద్యంలో క్రియ ఎక్కడో ఉంటే వెతికి తెచ్చుకున్నవాడు ఇంగ్లీషు పాదంలో కర్తను వెతుక్కోలేడా! డాఫడిల్ పువ్వును తొగుటలో ఎవరూ చూసి ఉండరు, నిజమే. పసుపుపచ్చగా విరగబూసిన తంగేడు గుబుర్లను తలచుకుంటే ఆ పద్యం కొంత దగ్గరవుతుంది. అయితే పోలిక తరువాతి మాట. ముందు అన్వయం కుదరాలి. తంగేడు కథ చెప్పి పద్యాన్ని వదిలేసే పాఠాలూ ఉన్నాయి. వాటివల్ల పిల్లలకు తంగేడు మాత్రమే మిగులుతుంది.

ఇంగ్లీషు అక్షరం రాని ఇంట్లో ఈ పని ఎట్లా జరుగుతుందని అడగవచ్చు. ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్న తల్లికి కూతురు ఆ పద్యాన్ని పాదం పాదంగా తెలుగులో చెప్పిందనుకుందాం. ఆ సంభాషణ ఇట్లా సాగవచ్చు.

"ఎవలు జూసిండ్రు బిడ్డా?"

"పద్యం రాసినాయనే."

"ఏం జూసిండు?"

"పూలమ్మా. పదివేల పూలు."

"పదివేలా! లెక్కవెట్టిండా?"

"లెక్కవెట్టలే. ఒక్క చూపుల గన్ని కనవడ్డయట."

"ఏడ?"

"చెరువు ఒడ్డుకు."

"చూసి ఏం జేసిండు మరి?"

"అప్పుడేం జెయ్యలే. ఎన్నడో ఇంట్ల ఒక్కడే పండుకున్నప్పుడు యాదికొచ్చినయట."

"యాదికొస్తే ఏమైందట?"

ఇక్కడ కూతురు మళ్లీ పుస్తకంలోకి చూడక తప్పదు. చివరి చరణం చదివితే తప్ప తల్లికి జవాబు లేదు.

వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కగట్టే ఇంట్లో పదివేలంటే ఎంతో తల్లికి తెలుసు. అందుకే 'లెక్కవెట్టిండా' అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన క్షణంలో కూతురు అతిశయోక్తి అలంకారాన్ని గుర్తుపట్టింది. ఇంగ్లీషు పుస్తకం దానిని హైపర్‌బొలి అంటుంది. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, తరువాత ఏమిటి అని తల్లి ఒక్కొక్కటే అడిగినది ఆకాంక్షనే. కర్త, కర్మ, అధికరణం అన్న పేర్లు ఆమెకు తెలియకపోతే వచ్చిన నష్టం లేదు. కథ వినేటప్పుడు మధ్యలో ఆపి అడిగే అలవాటు ఆమెకు ఉన్నది, అది చాలు. "మాకేమెరుక" అని పక్కకు తప్పుకోవలసిన పనిలేదు.

ఇల్లు చేయలేని పనులూ ఉన్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. ఇంగ్లీషు ఉచ్చారణ తల్లి ప్రశ్నలతో రాదు. ఏ క్రియ వెంట 'ఎట్' రావాలో, ఏ క్రియ వెంట 'ఆన్' రావాలో తెలుగు విభక్తులు చెప్పలేవు. అక్షరక్రమం విషయంలో తెలుగు లిపి ఇచ్చిన ధైర్యం ఎదురుతిరుగుతుంది కూడా. అక్కడ అధ్యాపకులే దిక్కు. ఇంగ్లీషు బోధించేవారికి శిక్షణ ఇవ్వడం కోసం 1958లోనే హైదరాబాదులో ఒక కేంద్రీయ సంస్థ వెలిసింది. ఈనాడు అది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్నది. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లు పాఠాలను ఇళ్లకే తెచ్చాయి. చెవికి మంచి ఇంగ్లీషు సోకడానికి అటువంటివి ఉపయోగపడతాయి. టీవీ మాత్రం పిల్లలను తిరిగి ప్రశ్నించదు.

ఫోనును నిందించి ప్రయోజనం లేదు. అడిగే తీరు మార్చుకోవచ్చు. 'ఈ పద్యానికి సారాంశం రాయి' అంటే అది రాసి ఇస్తుంది. 'నేను రాసిన ఈ నాలుగు వాక్యాల్లో తప్పులు ఎక్కడున్నాయి, ఎందుకు తప్పులు, తెలుగులో చెప్పు' అన్నా అది చెబుతుంది. మొదటి ప్రశ్నకు విద్యార్థి ఏమీ రాయనక్కరలేదు. రెండవ ప్రశ్న అడగాలంటే ముందు నాలుగు వాక్యాలు సొంతంగా రాసి ఉండాలి. అది చెప్పినదంతా సరైనదేనని నమ్మడానికి కూడా వీలులేదు. నిఘంటువుతోనూ అధ్యాపకులతోనూ సరిచూసుకోవాలి.

ఆ అమ్మాయి తల్లికి చెప్పిన కథనే ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాస్తే అవి గైడులోని వాక్యాలంత నునుపుగా ఉండవు. 'పదివేల పూలు' అన్నచోట బహువచనపు 'ఎస్' జారిపోయి ఉండవచ్చు. 'ఈజ్' రావలసిన చోట ఖాళీ ఉండవచ్చు. క్రియ వాక్యం చివరికి వెళ్లి తెలుగులో లాగా కూర్చుని ఉండవచ్చు. మరునాడు కళాశాలలో అధ్యాపకురాలు ఎర్ర కలంతో ఆ మూడింటినీ దిద్ది, క్రియ దగ్గర ఒక బాణం గీసి, అది ఎక్కడికి రావాలో చూపిస్తుంది. నాలుగవ వాక్యంలో కవి ఇంట్లో ఒంటరిగా పడుకున్నప్పుడు పూలు గుర్తుకొచ్చి సంతోషించాడని ఉన్నది. దాని కింద ఆమె దిద్దవలసినది ఏమీ ఉండదు.